పాయింట్లు తర్వాత, ముందు ఇంట్లో మనుషుల్ని లెక్కపెట్టండి

భీమవరం, పాలకొల్లు, అమలాపురం, కాకినాడ, రాజమహేంద్రవరంలో విదేశీ స్థిరనివాసం (పీఆర్) ఫైళ్లు చేసే కన్సల్టెన్సీల నిర్వాహకులకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

మీ ఆఫీసుకొచ్చిన మనిషిని మీరు అడిగే మొదటి ప్రశ్న వయసెంత, రెండోది ఐఈఎల్టీఎస్‌లో ఎంతొచ్చింది, మూడోది ఏ పనిలో ఎన్నేళ్ల అనుభవం. మూడు జవాబులూ కంప్యూటర్లో వేస్తే ఒక అంకె తేలుతుంది. అంకె బాగుంటే కెనడా, కాస్త తగ్గితే ఆస్ట్రేలియాలో పెద్ద నగరాల బయటి ప్రాంతాలకిచ్చే రీజినల్ వీసా, మరీ తగ్గితే ఇంకేదో. పెళ్లికాని కుర్రాడికి ఈ లెక్క చాలు. భార్య, ఇరవై దాటిన కూతురు, ఇంటర్ చదివే కొడుకు, ఊళ్లో కొబ్బరితోట చూసుకునే తల్లిదండ్రులు ఉన్న మనిషికీ అదే లెక్క వేస్తే నలుగురు ఎక్కాల్సిన విమానం ముగ్గురే ఎక్కుతారు.

ఇందులో మేం చెప్పేవి రహస్యాలు కావు. ఆయా దేశాల ఇమిగ్రేషన్ శాఖలు అందరికీ కనపడేలా పెట్టిన నిబంధనలే. మా పేచీ అంతా మీరు వాటిని చూసే వరుస మీద. కుటుంబం ఉన్న మనిషికి పాయింట్లు చివర చూడాలి.

మొదటిరోజే ఒక తెల్లకాగితం తీసుకోండి. ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కో వరుస. పేరు పాస్‌పోర్టులో ఎలా ఉందో, పదో తరగతి సర్టిఫికెట్లో ఎలా ఉందో, ఆధార్లో ఎలా ఉందో మూడు గళ్లలో రాయండి. పుట్టిన తేదీ కూడా అలాగే మూడు గళ్లలో, నాలుగో గడిలో జనన రిజిస్టరులో ఉన్నది. పుట్టిన ఊరు, పుట్టిన దేశం. పిల్లల పేర్ల పక్కన వాళ్లకి 18, 21, 22, 23, 25 ఏళ్లు నిండే తేదీలు. పెళ్లి జరిగిన తేదీ ఒకచోట, రిజిస్టరు చేయించిన తేదీ ఇంకోచోట. తల్లిదండ్రుల పేర్ల పక్కన వాళ్లకి మొత్తం సంతానం ఎంతమంది, ఎవరెవరు ఏ దేశంలో స్థిరపడ్డారు. అరగంట పని. అది నిండేసరికి సగం దారులు మీరు కొట్టేయకుండానే పోతాయి.

ఆ పుట్టినరోజుల లెక్క ఎందుకో చెబుతాం. కాలవ లాకుల్లో పడవ లోపలికొచ్చి తలుపులు పడ్డాక, తూము ఎత్తేదాకా బయట నీరు ఎంత పోటెత్తినా లోపల మట్టం మారదు. వలసల చట్టాల్లో పిల్లల వయసుకీ అలాంటి తలుపు ఒకటుంది. లాకిన్ తేదీ అంటారు. చిక్కేమిటంటే ఒక్కో దారిలో ఆ తలుపు ఒక్కో చోట పడుతుంది, కొన్ని దారుల్లో చాలా ఆలస్యంగా పడుతుంది.

కెనడాలో 22 ఏళ్లు నిండని, పెళ్లికాని బిడ్డ డిపెండెంట్, అంటే తల్లిదండ్రుల ఫైలులోనే వెళ్లగల బిడ్డ. 2017 అక్టోబరు 24 నుంచి ఇదే లెక్క. పాయింట్లను బట్టి ఆహ్వానాలు పంపే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో ప్రొఫైల్ పెట్టిన రోజున ఆ వయసు ఆగదు. ఆహ్వానం వచ్చిన రోజునా ఆగదు. ఆహ్వానం వచ్చాక ఇచ్చే 60 రోజుల్లో పూర్తి దరఖాస్తు వేసిన రోజున ఆగుతుంది. ఒక కాగితం తక్కువై దరఖాస్తు అసంపూర్ణమని తిప్పి పంపితే ఆ రోజు కూడా లెక్కలోకి రాదు. ప్రొఫైల్ ఆహ్వానం కోసం ఎదురుచూసే జాబితాలో (పూల్) ఏడాది ఉంటుంది, ఆ ఏడాదంతా అమ్మాయి వయసు పెరుగుతూనే ఉంటుంది. అదే ఒక ప్రావిన్స్ (రాష్ట్రం) మనిషిని ఎంచుకుని సిఫారసు చేసే నామినేషన్ దారిలో అయితే, ప్రావిన్స్‌కి నామినేషన్ కోసం దరఖాస్తు పెట్టిన తేదీకే వయసు ఆగుతుంది. అంటే తలుపు ముందే పడుతుంది. 21 ఏళ్ల నాలుగు నెలల కూతురున్న ఇంట్లో చేతిలో ఉన్నది ఎనిమిది నెలలు. అలాంటి కుటుంబానికి, పాయింట్లు నాలుగు తగ్గినా సరే, నామినేషన్‌కి వీలున్న ప్రావిన్స్ ముందు వెతకాలి. "వచ్చే డ్రాలో చూద్దాం" అని ఆ ఇంటికి చెప్పకండి.

వయసు ఆగింది కదా అని ఈలోపు పెళ్లి చేయకూడదు. ఆగేది వయసొక్కటే. పీఆర్‌గా అక్కడ దిగేదాకా ఆ బిడ్డ పెళ్లికాకుండానే ఉండాలి. మంచి సంబంధం వచ్చిందని మాఘమాసంలో ముహూర్తం పెట్టేస్తే ఆ అమ్మాయి పేరు ఫైలులోంచి పోతుంది. ఇది ఆడపిల్లలున్న తల్లిదండ్రులకి మీరు నోటితో చెప్పి, కాగితం మీద సంతకం పెట్టించుకోవాల్సిన మాట. వైకల్యం వల్ల, 22 ఏళ్ల ముందు నుంచీ తల్లిదండ్రుల మీదే ఆధారపడ్డ బిడ్డకి మాత్రం వయసు అడ్డు కాదు. దానికి డాక్టర్ల కాగితాలు పాతవి కావాలి. నిన్న తెచ్చిన సర్టిఫికెట్ ఒక్కటే చాలదు.

ఆస్ట్రేలియాది వేరే దారి. 18 నిండని బిడ్డకి పేచీ లేదు. 18 నుంచి 23 నిండేలోపు బిడ్డ అయితే మీ మీద ఆధారపడి బతుకుతున్నట్టు రుజువు చూపాలి. కాలేజీ ఫీజు రసీదులు, హాస్టల్ రసీదులు, తండ్రి ఖాతా నుంచి నెలనెలా వెళ్లిన డబ్బు కావాలి. మన దగ్గర బీటెక్ 21 ఏళ్లకి అయిపోతుంది. క్యాంపస్‌లో ఉద్యోగం వచ్చి, హైదరాబాద్‌లో పూర్తికాలం పనిలో చేరిన కొడుకు కెనడా లెక్కలో ఇంకా డిపెండెంటే, ఆస్ట్రేలియా లెక్కలో కాడు. ఒకే బిడ్డ, ఒకే వయసు, ఒక దేశానికి లోపల, ఇంకో దేశానికి బయట. పాయింట్ల షీటులో ఈ తేడా ఎక్కడా కనపడదు. న్యూజిలాండ్ 24 ఏళ్ల దాకా ఒప్పుకుంటుంది, అక్కడా పెళ్లి కాకూడదు, ఆధారపడి ఉన్నట్టు చూపాలి. పెద్దపిల్లలున్న ఇంటికి న్యూజిలాండ్ అన్న మాటే మీ నోట రాకపోవడం మాకు వింతగా ఉంటుంది.

అమెరికాకొస్తే హద్దు 21. అక్కడ లెక్క తీసివేత. అమెరికా ప్రభుత్వం నెలనెలా వేసే చార్టులో వీసా నంబరు అందుబాటులోకి వచ్చిన రోజున బిడ్డకున్న వయసులోంచి, గ్రీన్‌కార్డు కోసం సాధారణంగా యజమాని వేసే ఐ-140 పిటిషన్ వేసిన నాటి నుంచి ఆమోదం పొందేదాకా గడిచిన రోజులు తీసేస్తారు. 21 ఏళ్ల ఆరు నెలల బిడ్డకి, ఐ-140 ఎనిమిది నెలలు పెండింగులో ఉండి ఉంటే, చట్టం లెక్కలో 20 ఏళ్ల పది నెలలే. ఆ తర్వాత ఏడాదిలోపు గ్రీన్‌కార్డు కోసం అడుగు వేయాలి. ఇక్కడో తమాషా ఉంది. త్వరగా తేల్చమని అదనపు రుసుము (ప్రీమియం ప్రాసెసింగ్) కట్టి ఐ-140ని 15 పనిదినాల్లో తెప్పించుకున్నవాళ్లకి తీసేయడానికి మిగిలేది ఆ పదిహేను పనిదినాల కాలమే. పెద్దపిల్లలున్నవాళ్లు తొందరపడి డబ్బు కట్టి మరీ రోజులు పోగొట్టుకుంటారు. పైగా ఏ చార్టు చూడాలన్నది కూడా మారింది. 2023 ఫిబ్రవరి నుంచి, దరఖాస్తు ఎప్పుడు వేయొచ్చో చెప్పే ఫైలింగ్ తేదీల చార్టు చూసేవారు. 2025 ఆగస్టు 15 నుంచి వేసిన దరఖాస్తులకి, గ్రీన్‌కార్డు ఎప్పుడు ఇవ్వొచ్చో చెప్పే ఫైనల్ యాక్షన్ తేదీల చార్టే. భారత్ వాళ్ల క్యూలో ఈ రెండు చార్టుల మధ్య దూరం కొందరి పిల్లలకి గ్రీన్‌కార్డుకీ విద్యార్థి వీసాకీ (ఎఫ్1) మధ్య దూరం.

ఆ క్యూ ఎందుకంత పొడుగో కూడా కుటుంబాలకి అర్థమయ్యేలా చెప్పండి. ఉద్యోగాల ద్వారా ఇచ్చే గ్రీన్‌కార్డులు ఏడాదికి దాదాపు 1,40,000. ఆ లెక్కలో భార్యాపిల్లలూ ఉంటారు. ఒక దేశంలో పుట్టినవాళ్లకి సాధారణంగా 7 శాతం మించి ఇవ్వరు. దేశం అంటే పౌరసత్వం కాదు, పుట్టిన చోటు. మన డెల్టాకి ఈ ఒక్క మాట చాలా ముఖ్యం. రాజోలు, నరసాపురం వైపు నుంచి గల్ఫ్‌కి పోయిన కుటుంబాల పిల్లలు కొందరు కువైట్లోనో మస్కట్లోనో పుట్టారు. భార్యాభర్తల్లో ఒకరు అలా బయట పుట్టి ఉంటే, ఆ దేశం కోటా కింద ఇద్దరూ లెక్కకి వస్తారు, భారత్ క్యూ నుంచి బయటపడతారు. పౌరసత్వం భారత్‌దే అయినా సరే. బిడ్డ పుట్టిన చోటు మాత్రం తల్లిదండ్రులకి పనికిరాదు. తెల్లకాగితంలో పుట్టిన దేశం గడి ఎందుకు పెట్టమన్నామో ఇప్పుడు తెలిసింది కదా.

ఇక భార్యాభర్తల పాయింట్లు. దీన్ని కాస్త నిదానంగా చూద్దాం, ఎందుకంటే ఇక్కడే ఎక్కువ తప్పులు జరుగుతున్నాయి.

కెనడా పాయింట్ల పట్టిక సీఆర్‌ఎస్‌లో 29 ఏళ్లు, మాస్టర్స్ డిగ్రీ, భాషలో సీఎల్‌బీ (కెనడా భాషా స్థాయి) 9 ఉన్న మనిషికి, ఒంటరిగా లెక్కవేస్తే వయసుకి 110, చదువుకి 135, భాషకి 124, మొత్తం 369. భార్యతో కలిసి వస్తున్నాడని వేస్తే వయసుకి 100, చదువుకి 126, భాషకి 116, మొత్తం 342. మొదట్లోనే 27 పోయాయి. వాటిని భార్య చదువు, భాష, కెనడా అనుభవం తిరిగి నింపాలి. అన్నీ కలిపి ఆమె తేగలిగింది 40. డిగ్రీకి 8, మాస్టర్స్‌కి 10. భాషలో నాలుగు విభాగాల్లోనూ సీఎల్‌బీ 7 వస్తే విభాగానికి 3 చొప్పున 12, తొమ్మిది వస్తే 5 చొప్పున 20. అంటే డిగ్రీ, సీఎల్‌బీ 7 ఉన్న భార్యకి 20 వస్తాయి, ఏడు తక్కువ పడతాయి. ఎమ్మెస్సీ, సీఎల్‌బీ 9 ఉంటే 30, మూడు లాభం. ఇదంతా చదివాక చాలామంది భర్తలు "ఆమెకి పరీక్ష ఎందుకులెండి" అంటారు. మీరు ఊరుకోకండి. సీఎల్‌బీ 7 అంటే ఐఈఎల్టీఎస్‌లో నాలుగింటిలోనూ 6. మూడునెలలు కూర్చుంటే వచ్చే మార్కు. ఇంకోటి, ఆమెనే ప్రధాన దరఖాస్తుదారుగా పెట్టి కూడా లెక్క వేయాలి. నర్సో, టీచరో అయిన భార్య అంకె, ఇంజినీరు భర్త అంకె కన్నా మెరుగ్గా తేలడం అరుదేం కాదు. ఉద్యోగ ఆఫర్‌కి ఇచ్చే పాయింట్లు 2025 మార్చి 25న తీసేశారు, పాత కాలిక్యులేటర్లు ఇంకా వాడుతున్నవాళ్లు అది గమనించాలి.

ఆ 27 పాయింట్ల కోసం కొందరు అడ్డదారి చెబుతున్నారు. భార్యని "కూడా రాని కుటుంబసభ్యురాలు" అని రాసేయడం. అలా రాస్తే ఒంటరివాడి పాయింట్లే వస్తాయి, నిజమే. కానీ ఆమె అప్పటికే కెనడాలో ఎవరి దగ్గరైనా పనిచేయనిచ్చే ఓపెన్ వర్క్ పర్మిట్ మీద అతనితోనే ఉంటుంటే, "ఎందుకు రాదో చెప్పండి" అని అధికారులు వివరణ అడుగుతున్నారు. జవాబు నచ్చకపోతే తప్పుడు సమాచారం కిందికి వస్తుంది, ఐదేళ్ల నిషేధం. పైగా కూడా రాని వాళ్లని కూడా సెటిల్‌మెంట్ డబ్బులో లెక్కపెట్టాలి, వాళ్లకీ మెడికల్ చేయించాలి. వాళ్లు అనర్హులైతే ప్రధాన దరఖాస్తూ పోతుంది. ఏమీ మిగలదు.

ఆస్ట్రేలియాలో లెక్క ఇంకో రకం. పెళ్లికానివాళ్లకి 10. భార్యో భర్తో 45 లోపు ఉండి, తగిన వృత్తిలో స్కిల్ అసెస్‌మెంట్ (నైపుణ్య ధ్రువీకరణ) తెచ్చుకుని, కాంపిటెంట్ ఇంగ్లిష్ చూపితే 10. ఇంగ్లిష్ ఒక్కటే ఉంటే 5. ఏదీ లేకపోతే సున్నా. అసెస్‌మెంట్‌కి నెలలు పడుతుంది కాబట్టి మొదటిరోజే మొదలుపెట్టాలి. ఇంకా ముఖ్యమైంది, కూడా వచ్చే 18 దాటిన ప్రతి ఒక్కరికీ ఫంక్షనల్ ఇంగ్లిష్ ఉండాలి. లేకపోతే రెండో విడత రుసుమని ఒక్కొక్కరికి 4,800 ఆస్ట్రేలియా డాలర్ల పైన అదనంగా కట్టాలి. ఐఈఎల్టీఎస్ సగటు 4.5 వచ్చినా చాలు. డిగ్రీ ఇంగ్లిష్ మీడియంలో చదివితే, ఆ మాట రాసి కాలేజీ ఇచ్చే లెటర్‌హెడ్ కాగితంతో పరీక్ష కూడా తప్పుతుంది. అమలాపురంలోనో తణుకులోనో డిగ్రీ చేసిన అమ్మాయికి ఆ కాగితం తేవడానికి ఒక పూట పని. ఆ పూట పని చెప్పకుండా డాలర్లు కట్టించడం దగా కాకపోవచ్చు, అశ్రద్ధ మాత్రం ఖాయం.

పెళ్లి ఎప్పుడన్నది ఇంకో పెద్ద ప్రశ్న. మన దగ్గర అబ్బాయికి పీఆర్ రావడమూ సంబంధాలు రావడమూ ఒకేసారి జరుగుతాయి. పీఆర్ ఖాయమైనట్టు ఇచ్చే కన్ఫర్మేషన్ కాగితం చేతికొచ్చాక, కెనడాలో దిగకముందు పెళ్లి చేసుకుని, ఆ సంగతి చెప్పకుండా ఒంటరివాడిగా దిగితే, ఆ భార్యని తర్వాత కుటుంబాన్ని పిలిపించుకునే ఫ్యామిలీ క్లాస్‌లో స్పాన్సర్ చేయనివ్వని నిబంధన ఉంది. 117(9)(డి) అని ఆ రంగంలోవాళ్లకి బాగా తెలుసు. ఈలోపు పుట్టిన బిడ్డకీ అదే వర్తిస్తుంది. పెళ్లయినా, పురుడైనా దిగకముందే తెలియజేయాలి. ఫైలు కొన్నాళ్లు ఆగుతుంది, ఆగనివ్వండి. అమెరికాలో దీనికి కాస్త తిరగేసిన లెక్క. గ్రీన్‌కార్డు రాకముందు పెళ్లయితే భార్య అతని వరుసలోనే వెనకాల రావచ్చు. వచ్చాక చేసుకుంటే గ్రీన్‌కార్డుదారుల భార్యాపిల్లలకున్న ఎఫ్2ఏ అనే వేరే క్యూ. న్యూజిలాండ్ రెసిడెన్సీకి 12 నెలలు కలిసి కాపురం చేసినట్టు రుజువు కావాలి, కాబట్టి పెళ్లయి మూడునెలలైన జంటకి అది వెంటనే చెప్పదగ్గ దారి కాదు.

బ్రిటన్ సంగతి క్లుప్తంగా చెబుతాం. 2024 మార్చి 11 నుంచి కొత్తగా వెళ్లే కేర్ వర్కర్లు భార్యాపిల్లల్ని తీసుకెళ్లలేరు. 2025 జులై 22 నుంచి బయటిదేశాల వాళ్లకి ఆ ఉద్యోగ వీసా దారే మూసేశారు. 2024 జనవరి నుంచి రీసెర్చ్ కోర్సులు, ప్రభుత్వ స్కాలర్‌షిప్‌లు తప్ప మిగతా చదువులకి వెళ్లే విద్యార్థులకీ డిపెండెంట్లు లేరు. "ముందు మీరు వెళ్లండి, ఆరు నెలల్లో ఫ్యామిలీ" అన్న వాక్యం మీ గోడ మీద ఇంకా ఉంటే ఇవాళే తీసేయండి.

ఆరోగ్యం గురించి చెప్పేటప్పుడు గొంతు తగ్గించి, సూటిగా చెప్పండి. ఆస్ట్రేలియాలో కుటుంబంలో ఒకరు మెడికల్‌లో తప్పితే అందరూ తప్పినట్టే. వాళ్లు వేసే ఖర్చు అంచనా హద్దు 2024 జులై నుంచి 86,000 డాలర్లు. స్పాన్సర్ అవసరం లేని, పాయింట్ల మీద ఇచ్చే 189 వీసాలో దానికి మినహాయింపు అడిగే వీలు లేదు, యజమాని స్పాన్సర్ చేసే కొన్ని దారుల్లో ఉంది. ప్రత్యేక అవసరాలున్న బిడ్డ ఇంట్లో ఉంటే దారి ఎంపికలో అదే మొదటి ప్రశ్న కావాలి. ఫీజులన్నీ కట్టించాక అడగకూడదు. అలాగే విడాకులైన తల్లో తండ్రో బిడ్డని తీసుకెళ్లాలంటే రెండోవారి సమ్మతి పత్రం లేదా కోర్టు ఇచ్చిన కస్టడీ ఉత్తర్వు ఉండాలి. పెద్దమనుషుల సమక్షంలో రాసుకున్న కాగితం చెల్లదు. అక్క బిడ్డని పెంచుకున్న ఇళ్లు మన దగ్గర తక్కువేం కాదు. రిజిస్టరు చేసిన దత్తత పత్రం ఉన్నా బయటిదేశానికి కారా (కేంద్ర దత్తత సంస్థ) అనుమతి కావాల్సి వస్తుంది, దానికి పట్టే కాలం పీఆర్ ఫైలు కాలం కన్నా ఎక్కువ కావచ్చు.

తల్లిదండ్రుల విషయంలో మీ కరపత్రాలు మమ్మల్ని ఎక్కువ బాధపెడతాయి. "ఫ్యామిలీ మొత్తానికి పీఆర్" అని ఉంటుంది, బొమ్మలో నానమ్మ, తాతయ్య నవ్వుతుంటారు. కెనడాలో నైపుణ్యం మీద వేసే (ఎకనమిక్) దరఖాస్తులో తల్లిదండ్రులు డిపెండెంట్లు కారు. ఆస్ట్రేలియా స్కిల్డ్ వీసాల్లో 2016 నవంబరు 19 నుంచి కారు. తర్వాత స్పాన్సర్ చేయడం వేరే సంగతి. కెనడాలో 2020లో ఆసక్తి తెలిపినవాళ్ల జాబితాలోంచే 2025 దాకా పిలుస్తూ వచ్చారు. పిలిచినా స్పాన్సర్‌కి మూడేళ్లపాటు నిర్ణీత హద్దు కన్నా 30 శాతం ఎక్కువ ఆదాయం ఉండాలి, 20 ఏళ్ల పూచీ రాయాలి. అందుకే వాస్తవంగా పనిచేసేది తల్లిదండ్రులకిచ్చే దీర్ఘకాల సందర్శక వీసా, సూపర్ వీసా. ఒక్కసారి వెళితే ఐదేళ్ల దాకా ఉండొచ్చు, కనీసం లక్ష కెనడా డాలర్ల ఆరోగ్య బీమా ఉండాలి. బీపీ, షుగర్ ఉన్న డెబ్భై ఏళ్ల మనిషికి ఆ బీమా ప్రీమియం ఎంతో ముందే కనుక్కుని చెప్పండి, నెలనెలా భారం అక్కడే.

ఆస్ట్రేలియాలో సంతానంలో కనీసం సగంమంది అక్కడ స్థిరపడి ఉండాలి, లేదా మరే ఒక్క దేశంలో కన్నా అక్కడే ఎక్కువమంది ఉండాలి. ఒక్కగానొక్క కొడుకు అక్కడుంటే సరిపోతుంది. ఇద్దరిలో ఒకరున్నా సరే. ఒక కొడుకు మెల్‌బోర్న్‌లో, ఇద్దరు కూతుళ్లు భీమవరం, తణుకుల్లో కాపురాలుంటే కుదరదు. ఒకరు ఆస్ట్రేలియా, ఒకరు అమెరికా, ఒకరు కాకినాడ అయినా కుదరదు. కుదిరినా, డబ్బుకట్టే తరగతిలో ఒక్కొక్కరికి 40 వేల డాలర్ల పైన, ఆపై ఏళ్ల క్యూ. తల్లిదండ్రులే ముఖ్యం అనుకునేవాళ్లకి మేమైతే జర్మనీ పేరు కూడా చెబుతాం. 2024 మార్చి 1 నుంచి మొదటిసారి నైపుణ్య పర్మిట్ పొందినవాళ్లు తల్లిదండ్రుల్ని, భార్యాభర్తలిద్దరూ అక్కడుంటే అత్తమామల్ని కూడా పిలిపించుకునే వీలు చట్టంలోకి వచ్చింది. బ్లూ కార్డు (ఉన్నత నైపుణ్యం ఉన్నవాళ్ల ఉద్యోగ పర్మిట్) ఉన్నవాళ్లకి బీ1 (మధ్యస్థ) స్థాయి జర్మన్‌తో 21 నెలలకే సెటిల్‌మెంట్ పర్మిట్. పెద్దవాళ్లకి ఆరోగ్య బీమా దొరకబుచ్చుకోవడమే అక్కడ గండం. అది దాటగలిగేవాళ్లకే ఈ దారి. అమెరికాలో సిటిజన్ అయ్యి, 21 దాటిన బిడ్డ తల్లిదండ్రుల్ని క్యూ లేకుండా తెచ్చుకోవచ్చు, కానీ భారత్‌లో పుట్టినవాళ్లు సిటిజన్ అయ్యేదాకా తల్లిదండ్రులు ఆగగలరా అన్నది వాళ్ల వయసు చూసి మీరే చెప్పాలి.

ఇప్పుడు మన ఊళ్ల కాగితాలు. మొదటి పురుడు పుట్టింట్లో. కాబట్టి పెద్దబిడ్డ జనన నమోదు తండ్రి ఊరి పంచాయతీలో వెతికితే దొరకదు, అమ్మమ్మ ఊళ్లోనో ఆ పక్క పట్నం మునిసిపాలిటీలోనో ఉంటుంది. ఆసుపత్రి నుంచి నమోదు వెళ్లేటప్పటికి బారసాల కాదు, అందుకని రిజిస్టరులో బిడ్డ పేరు గడి ఖాళీ. పేరు ఏడాదిలోపు ఉచితంగా, 15 ఏళ్ల దాకా ఆలస్య రుసుముతో చేర్పించుకోవచ్చు. అసలు నమోదే లేకపోతే 21 రోజులు, 30 రోజులు, ఏడాది అని మెట్లున్నాయి. ఏడాది దాటితే మేజిస్ట్రేటు స్థాయి ఉత్తర్వు కావాలి, దానికి ముందు నమోదు లేదన్న నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్ కావాలి. ఇది ఆహ్వానం వచ్చాక 60 రోజుల్లో అయ్యే పని కాదు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి కూడా. తల్లి పాస్‌పోర్టులో పుట్టిన చోటు తూర్పుగోదావరి, బిడ్డ సర్టిఫికెట్లో అదే ఊరు కోనసీమ జిల్లా అని ఉంటే కంగారుపడక్కర్లేదు, రెండు వాక్యాల వివరణ జతచేస్తే చాలు. వివరణ లేకుండా పంపితేనే ప్రశ్న వస్తుంది.

తేదీల్లో ఇంకో చిక్కు అచ్చంగా మనది. శుభలేఖలో "బుధవారం రాత్రి 2 గంటల 37 నిమిషాలకు, తెల్లవారితే గురువారం" అని వేస్తాం. మన లెక్కలో సూర్యోదయం దాకా బుధవారమే, క్యాలెండరు లెక్కలో అప్పటికే గురువారం. రిజిస్ట్రారు దగ్గర ఒకటి, పెళ్లి ఆల్బం మీద ఒకటి, ఫారంలో ఒకటి పడితే అధికారికి అది మూడు పెళ్లిళ్లంత అనుమానం. క్యాలెండరు తేదీ ఒక్కటే అన్నిచోట్లా రాయించండి. రాత్రి పన్నెండు దాటాక పుట్టిన పిల్లల జాతకం తేదీకీ ఆసుపత్రి తేదీకీ ఇదే తేడా. 22 ఏళ్ల హద్దు దగ్గర ఒక్క రోజు కూడా రోజే. ఇక అన్నవరంలోనో ద్వారకా తిరుమలలోనో పెళ్లయితే గుడి రసీదు పెళ్లి జరిగినందుకు సాక్ష్యమే కానీ రిజిస్ట్రేషన్ కాదు. సబ్‌రిజిస్ట్రారు దగ్గర శుభలేఖ, ఫొటో, సాక్షులతో నమోదు చేయించాల్సిందే.

పదో తరగతిలో ఇంటిపేరు ఒక్క అక్షరం, పాస్‌పోర్టులో పూర్తిగా, పెళ్లయ్యాక భార్య ఇంటిపేరు ఒకచోట మారి ఇంకోచోట మారక ఉంటుంది. దీనికి అఫిడవిట్ల మీద అఫిడవిట్లు వేయించడం కన్నా పాస్‌పోర్టు ముందు సరిచేయించి, మిగతావి దానికి తగ్గట్టు తెచ్చుకోవడం మేలు.

డబ్బు విషయం. 2025 జులై నుంచి కెనడా నలుగురి కుటుంబానికి 28,362 డాలర్లు చూపమంది, ఈ అంకె ఏటా మారుతుంది. ఆరు నెలల సగటు నిల్వ చూస్తారు. తోట, ఇల్లు, చెరువు లెక్కలోకి రావు, వాటిని కుదువబెట్టి తెచ్చిన అప్పూ రాదు. రొయ్యల పట్టుబడి డబ్బు ఒక్కసారిగా పడితే అమ్మిన బిల్లులు జత చేయండి. తండ్రి ఇస్తే గిఫ్ట్ డీడ్, ఆయన ఖాతా పుస్తకం కూడా. నూటికింత తీసుకుని నెల రోజులు ఖాతాలో డబ్బు నిలబెట్టి తీసేసే వ్యాపారం మానేయండి. అది పట్టుబడితే నిషేధం పడేది మీ మీద కాదు, ఆ ఇంటి మీద. తోట అమ్మి డబ్బు చూపిద్దామనేవాళ్లకి ఇంకో మాట చెప్పండి. విదేశంలో స్థిరపడి ఎన్నారై అయ్యాక వ్యవసాయ భూమి కొనడానికి వీల్లేదు. ఉన్నది ఉంచుకోవచ్చు, వారసత్వంగా రావచ్చు. అమ్మింది మళ్లీ కొనుక్కోలేరు.

చివరిది చిన్నదే, కానీ అన్నిటికన్నా ముందు చేయాల్సింది. దరఖాస్తు ఖాతా లాగిన్, పాస్‌వర్డ్, అందులో ఇచ్చిన ఈమెయిల్ ఆ కుటుంబం చేతిలో ఉంచండి. బిడ్డ పుట్టినా, పెళ్లయినా, పాస్‌పోర్టు మారినా చెప్పాల్సింది ఆ ఖాతాలోనే. అదనపు కాగితాలు అడుగుతూ వచ్చే ఉత్తరానికి గడువు అక్కడి నుంచే మొదలవుతుంది. సంక్రాంతికి మీ ఆఫీసు నాలుగు రోజులు మూసేస్తారు, ఆ గడువు మూసుకోదు.

ఇట్లు,
గోదావరి జిల్లాల్లో కుటుంబాల వలస కాగితాలు సరిచూసే కొందరు